నీళ్ళలో నాలుగు సీసాలు

ఢిల్లీ పక్కన ఇందిరాపురంలో ఒక అపార్ట్‌మెంట్ సొసైటీ. ఎడతెగని వానకు వెనక ఉన్న మురుగు నాలా గోడ కూలి, మధ్యాహ్నానికల్లా కింది బేస్‌మెంట్ నిండిపోయింది. పెర్సిస్ భర్త హేమసుందర్ ఆ నీళ్ళకు అవతల, పంపు రూములో చిక్కుకుని ఉన్నాడు. ర్యాంపు పైన, గార్డు టేబుల్ ముందు పెర్సిస్ నిలబడింది. ఆమె ఎదురుగా ఉన్నది మామగారు జనార్దనరావు. సైన్యంలో ఈతగాడిగా చేసి రిటైరైన మనిషి. కొడుకు పెళ్ళయ్యాక ఆ గడపకు రావడం ఇదే మొదలు.

"ఆ టార్చి వద్దండీ. ముంచగానే ఆరిపోతుంది."

"డబ్బా మీద వాటర్‌ప్రూఫ్ అని రాసుంది కదమ్మా."

"వానకి తట్టుకుంటుందండీ, మునిగితే తట్టుకోదు. ఇదిగో, ఛార్జింగ్ పెట్టే చోట ఈ రబ్బరు మూత చూశారా? గోటితో లాగితే ఊడొస్తుంది. నీళ్ళు ఇక్కణ్ణించే దూరతాయి. మా ఫ్యాక్టరీలో నా పనే ఇది. లైట్లని తొట్లో ముంచి, ఎక్కడ లీకవుతోందో పట్టుకోవడం."

"ఏటి, నోయిడాలోనా?"

"ఆఁ, నోయిడాలోనే. స్విమ్మింగ్ పూల్ అడుగున పెట్టే లైట్లు చేస్తాం."

"మరి అవే తెప్పించొచ్చు గదా!"

"ఫోన్ చేశానండీ. మనిషి బయల్దేరాడు కూడా. అండర్‌పాస్ మునిగిపోయి అటే ఆగిపోయాడు. మీరు... మీరొకసారి వెళ్ళి వినండి. ఆ గోడ పక్కన ఎర్ర పైపుంది చూడండి, అది పంపు రూములోంచే పైకొస్తుంది. కొడుతున్నాడా?"

"ఇప్పుడే గదా విన్నాను."

"మళ్ళీ వినండి."

"కొడుతున్నాడు. మూడు దెబ్బలు, ఆగి మళ్ళీ మూడు. గట్టిగానే కొడుతున్నాడు."

"గట్టిగానే కదా?"

"గట్టిగానే అన్నాను గదా. నువ్వు నీ పని చూడు."

"మేడమ్! దొరికినయి మేడమ్! మూడో ఫ్లోర్ ఆంటీ దగ్గర పచ్చడి సీసాలు, వెడల్పు మూతివి. కడిగి తెచ్చిన."

"టేబుల్ మీద పెట్టండి మనోహర్ గారూ. మూత లోపల రబ్బరుందా?"

"ఉన్నది, చూడుండ్రి."

"ఇది ఎండి పగిలిపోయింది, పనికిరాదు. ఇవి నాలుగూ పరవాలేదు. లైట్లు?"

"సైకిళ్ళకు పెట్టే చిన్నవి. పిల్లల సైకిళ్ళు మొత్తం పైననే ఉన్నయి గదా, అందరివీ పీకిన. సొసైటీ సెక్రటరీ దొంగతనం చేసిండని రేపు గ్రూపుల పెడతరు, పెట్టనీ."

"డైవర్లు ఎక్కడున్నారు?"

"వస్తున్నరు మేడమ్."

"ఇందాకా అదే అన్నారు. ఎక్కడున్నారు?"

"రోడ్డు అవతల. పడవ తెప్పిస్తున్నరంట. ఫైర్ వాళ్ళ మోటరైతే తోడుతనే ఉన్నది."

"తగ్గుతోందా మరి?"

"తోడుతున్నరు మేడమ్, ఆగకుంట తోడుతున్నరు."

"తగ్గుతోందా అని అడుగుతున్నా."

"...లేదు. నాలా నుంచి వచ్చేదే ఎక్కువున్నది. ర్యాంపు గోడ మీద బొగ్గుతోని గీత గీసిన. గీత మునిగింది."

"ఏయ్, సెక్రటరీ! కరెంటు మొత్తం తీసేశారా, లేదా? అది చెప్పు ముందు."

"మొత్తం బ్లాకుకు తీసేసినం అంకుల్. జనరేటర్ కూడా బంద్."

"లోపల ఎలగుంటుంది? నువ్వు చూసినవాడివే గదా."

"ర్యాంపు దిగంగనే కుడి దిక్కు. సీలింగు కింద అడ్డంగ బీములున్నయి, నాలుగు. బీముకు బీముకు నడుమ నీళ్ళ మీద జానెడు గాలి ఉంటది. బీము కాడ గాలి లేదు. మునిగి అవతల తేలాలె. నాలుగో బీము దాటితే పంపు రూము."

"మునగడం, తేలడం, మళ్ళీ మునగడం. అంతే గదా?"

"అంతే అంకుల్. కానీ కటిక చీకటి. ఫైర్ పిలగాడు ఒకడు దిగిండు. మొదటి బీము కాడనే దిక్కు తెల్వక ఎనక్కి వచ్చిండు. చేతిల లైటు ఆరిపోయింది."

"చీకటే చంపేది. నీళ్ళు కాదు. తేలినప్పుడు ఏ వైపు తిరిగామో తెలీదు. ముందుకనుకుని పక్కకి పోతాం. మా వాడొకడు అలగే... సరే, అదెందుకిప్పుడు."

"అలాగే ఏమైందండీ?"

"అదెందుకమ్మా ఇప్పుడు! లైటు చెయ్యి. ఒకటి గట్టిది చెయ్యి, పట్టుకుని పోతాను."

"పట్టుకుని వెళ్ళకూడదండీ."

"పట్టుకోక?"

"మీరు చలికాలం ఇక్కడ ఎక్స్‌ప్రెస్‌వే మీద వెళ్ళారా? పొగమంచులో కారు పెద్ద లైట్లు వేస్తే ఏమవుతుంది? ఎదురుగా తెల్లటి గోడ లేస్తుంది. బురద నీళ్ళలోనూ అంతే. లైటు ముఖం దగ్గర పెట్టుకుంటే ఆ బురదే వెలిగి కళ్ళల్లో కొడుతుంది. అందుకని ఒకటి కాదు, నాలుగు చేస్తా. బీము దాటి అవతల తేలగానే సీలింగు పైపుకి ఒకటి వేలాడగట్టండి. సీసా నీళ్ళలో మునిగి ఉండాలి. తిరిగొచ్చేటప్పుడు బీము కింద మునిగితే అటు వెలుతురు కనిపించాలి కదా. వెలుతురు ఉన్న వైపే దారి."

జనార్దనరావు ఒక సీసా చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు.

"ఏమండీ, తప్పా?"

"తప్పు కాదు. వినడానికి మా సుబేదారు చెప్పినట్టుంది. కానియ్యి."

"వేస్‌లీన్ ఇవ్వండి మనోహర్ గారూ. రబ్బరు చుట్టూ రాయాలి. ఎక్కువొద్దు, పల్చగా. ఒక్క వెంట్రుక అడ్డం పడినా నీళ్ళు దూరుతాయి. నా జుట్టు... ఎవరైనా నా జుట్టు వెనక్కి కట్టండి. నా చేతులు ఖాళీ లేవు."

"నేను... మేడమ్, నేనా?"

"తప్పుకో. ఇటు తిరుగమ్మా."

జనార్దనరావు జేబులోంచి చేతిరుమాలు తీసి కోడలి జుట్టుకు ముడివేశాడు. ఆ ముడి తాళ్ళకు వేసే ముడిలా బిగుసుకుంది.

"బిగించానేటి ఎక్కువ?"

"లేదండీ. కంకర కావాలి. గాజు సీసా, లోపలంతా గాలి, బరువు లేకపోతే తేలిపోతుంది. పొడి కంకర తీసుకోండి, తడిది వద్దు."

"పూల కుండీల గులకరాళ్ళు తెస్త మేడమ్."

"తుడిచి తీసుకురండి. లోపల తడి ఉంటే గాజు మీద ఆవిరి పట్టి వెలుతురు మసకబారుతుంది. ...ఏవండీ, కొడుతున్నాడా?"

"ఆఁ."

"మీరు వెళ్ళకుండానే ఆఁ అంటున్నారు."

"పోతున్నాను, పోతున్నాను."

టక్, టక్, టక్. పెర్సిస్ ఆ చప్పుడు చెవినబడ్డాకే సీసాలోకి లైటు దించింది.

"విన్నావా?"

"విన్నాను. థాంక్ గాడ్. విన్నాను."

"మేడమ్, రాళ్ళు. తువ్వాలతోని తుడిచిన."

"మనోహర్ గారూ, ఒకటి అడుగుతాను."

"అడుగుండ్రి."

"మా ఆయన ఆఫీసు కాల్‌లో ఉన్నారు. లాప్‌టాప్ తెరిచే ఉంది ఇంట్లో. మరి బేస్‌మెంట్‌కి ఎందుకు వెళ్ళినట్టు?"

"కారు తీద్దామని అనుకుంట..."

"మాకు కారు లేదు. చెప్పండి."

"నేనే పిలిచిన మేడమ్. పంపు ఆపరేటర్ సెలవుల ఉన్నడు. తోడే మోటరు ఆగిపోయింది. హేమసుందర్‌కు మోటర్ల సంగతి తెలుసు గదా, జర చూడు భాయ్ అన్న. మోకాళ్ళ మట్టుకే ఉండె నీళ్ళు. అప్పుడు మోకాళ్ళ మట్టుకే మేడమ్. గోడ కూలుతదని ఎవలకు తెలుసు? ఇద్దరం పోదాం అన్న. లేదు, నువ్వు పైన వాళ్ళకు ఫోన్లు చెయ్యి అన్నడు."

"ఆ లైటు ఇలా ఇవ్వండి."

"మేడమ్..."

"తర్వాత. ఏదైనా తర్వాత. బకెట్‌లో నీళ్ళు పట్టండి, ముంచి చూడాలి."

"వీడు ఎప్పుడూ ఇంతే. ఎవడు పిలిచినా పోతాడు. నేను పిలిస్తే తప్ప."

"మామయ్యగారూ, మీరు ఎప్పుడైనా పిలిచారా?"

"బకెట్‌లో పెట్టు. బుడగలొస్తున్నాయేటో చూడు."

"రాలేదు. ఇది బాగుంది. లోపల టిష్యూ పేపరు పెట్టాను, తడి తగిలితే ముడుచుకుంటుంది. పొడిగానే ఉంది. రెండోది ఇవ్వండి."

"ఇది కూడా బాగానే... లేదు లేదు. చూడు, మూత దగ్గర. ఒకటి, మళ్ళీ ఇంకోటి."

"అయ్యో. అయ్యో దేవా. లీకవుతోంది. తియ్యండి, బయటికి తియ్యండి. రబ్బరు సరిగ్గా కూర్చోలేదు. వేస్‌లీన్‌కి వేళ్ళు జారుతున్నాయండీ. బిగించలేకపోతున్నాను."

"ఇటు ఇవ్వు. నేను బిగిస్తాను, ఎలగో చెప్పు."

"మరీ బలంగా వద్దు. బలంగా తిప్పితే రబ్బరు మెలికపడి పక్కకి వస్తుంది. కూర్చున్నట్టు తెలిశాక కొంచెం, అంతే. పైన సైకిల్ ట్యూబు ముక్క లాగి చుట్టండి."

"ఇలగా?"

"ఆఁ. ముంచండి."

"బుడగ లేదు."

"బుడగ లేదు. మూడోది కూడా మీరే బిగించండి. నేను లైట్లు పెట్టి ఇస్తాను. వెలిగించాక సీసాని కాసేపు చల్లటి నీళ్ళలో నిలబెట్టి, అప్పుడు మూత బిగించాలండీ. వేడిగా ఉన్నప్పుడు బిగించి నీళ్ళలో వేస్తే లోపలి గాలి ముడుచుకుని నీళ్ళని లోపలికి లాగుతుంది. మా దగ్గర సగం లైట్లు అలాగే పోతాయి. నేను ఎందుకిలా వాగుతున్నాను?"

"వాగు. నీ చేతులు ఆగలేదు గదా, వాగు."

"ఇందాక ఫోన్ చేసినప్పుడు మీరు హాస్పిటల్లో ఉన్నారా? వెనక నర్సులు పిలుస్తున్నట్టు వినిపించింది."

"కంటోన్మెంట్ మిలిటరీ ఆసుపత్రిలో. ఊరికే చూపించుకోవడానికి వచ్చాను."

"ఏం చూపించుకోవడానికి?"

"ఏదో ఒకటి. ఈ వయసులో ఏదో ఒకటి చూపించుకోవాలి గదా."

"గుండెకి స్టెంట్ వేశారని అత్తయ్యగారు ఆయనకి చెప్పారు."

"మీ అత్తయ్యకి నోరు ఆగదు."

"డాక్టర్లు ఏమన్నారు?"

"బాగుందన్నారు."

"నీళ్ళలో దిగొచ్చన్నారా?"

"నీళ్ళ సంగతి నేను అడగలేదు, వాళ్ళు చెప్పలేదు. ఇక్కడ ఇంకెవడైనా ఈతగాడుంటే చూపించు, నేను కుర్చీలో కూర్చుంటాను. ఉన్నాడేటి? సెక్రటరీ, నీకు వచ్చునా ఈత?"

"నాకు రాదంకుల్."

"నీకమ్మా?"

"రాదు. వస్తే మీకు ఫోన్ చేసేదాన్నా?"

"అదీ నిజమే. నాకు ఎందుకు చేశావని మెట్రోలో వస్తూ అనుకున్నాను. మెట్రో దిగి నడుము లోతు నీళ్ళలో నడుస్తూ కూడా అనుకున్నాను. ఆ పిల్ల పేరు నా నోటితో ఎప్పుడూ పలకలేదు, నాకు ఎందుకు చేసిందని."

"నాకు ఢిల్లీలో నీళ్ళ గురించి తెలిసిన మనిషి మీరొక్కరే. ఆయన ఎప్పుడూ చెప్పేవారు, మా నాన్న నీళ్ళ కింద గోడ కట్టగలడు అని."

"వాడు చెప్పేవాడా?"

"చెప్పేవారు."

"ఇంకేం చెప్పేవాడు?"

"నాలుగోది బిగించండి. ఆ రబ్బరు పక్కకి పోయింది, సరిచెయ్యండి."

"ఇంకేం చెప్పేవాడమ్మా?"

"మీరు మాట్లాడరు, అదొక్కటే చెప్పేవారు. ...బిగించారా? ముంచండి. బుడగలున్నాయా?"

"లేవు."

"నాలుగూ అయ్యాయి. అయిపోయాయి మామయ్యగారూ! మనోహర్ గారూ, తాడు! తాడు తెండి. ఈయన నడుముకి కట్టాలి."

"కడుతున్న మేడమ్."

"ఇదిగో చూడు, ఒకసారి లాగితే బాగున్నానని. గబగబా లాగుతూనే ఉంటే మీరు పైనించి లాగండి. మధ్యలో ఆపకూడదు. అర్థమైంది గదా?"

"అయింది అంకుల్."

"సీసాలు ఈ సంచిలో పెట్టి నా భుజానికి తగిలించు. తీగలు కట్టావా?"

"కట్టాను, ఒక్కోదానికి కొక్కెం కూడా వంచాను. ఆగండి."

"ఏటి?"

"ఆగండి ఒక్క క్షణం."

"ఏటమ్మా?"

"చప్పుడు ఏది? మీరు ఇక్కడున్నారు. మనోహర్ గారు ఇక్కడున్నారు. చాలాసేపట్నుంచి మీరు నా పక్కనే కూర్చుని సీసాలు బిగిస్తున్నారు. అప్పట్నుంచి పైపు ఒక్కసారి కూడా మోగలేదు."

"వాన చప్పుడులో వినబడలేదేమో."

"మీరు పైపు దగ్గరికి వెళ్ళినప్పుడే మోగింది. వెళ్ళినప్పుడల్లా మోగింది. మీరు ఇటు రాగానే ఆగింది."

"చూడమ్మా..."

"మామయ్యగారూ, ఎవరు కొట్టారు పైపు?"

"నేనే."

"ఎప్పట్నుంచి?"

"నేను వచ్చినప్పుడు వాడే కొట్టాడు. నా చెవి ఆనించి విన్నాను, అబద్ధం కాదు. తరువాత దెబ్బ దెబ్బకీ దూరం పెరిగింది. నువ్వు మూతలు ఏరుతుండగా ఆగిపోయింది. రాయి తీసుకుని నేను కొట్టాను. లోపల్నుంచి జవాబు వస్తాదేమోనని మొదట కొట్టాను. రాలేదు. నువ్వు కొడుతున్నాడా అని అడిగావు. ఆఁ అని, నీకు వినబడేలా మళ్ళీ వెళ్ళి కొట్టాను."

"జవాబు రాలేదా?"

"రాలేదు."

"నాతో అబద్ధమాడి... నేను ఇక్కడ గులకరాళ్ళు తుడుచుకుంటూ, వేస్‌లీన్ రాసుకుంటూ... ఆయన అక్కడ..."

"నీ చేతులు ఆగిపోతే లైట్లు లేవు. లైట్లు లేకపోతే వాడి దగ్గరికి దారి లేదు. నాకు ఇంకోటి తోచలేదు."

"అయిపోయిందా? నాకు చెప్పండి. మీరు ఇలాంటివి చూసిన మనిషి. అయిపోయిందా?"

"కూర్చోకు. లే. పెర్సిస్, నా మొహం చూడు. మొహం చూడమంటున్నానా? నేను చాలామందిని నీళ్ళలోంచి తీశాను. చప్పుడు ఆగినవాళ్ళని బతికుండగా తీశాను, అరుస్తున్నవాళ్ళని తియ్యలేకపోయాను. నాకు తెలీదు. తెలిస్తే చెప్తాను. ఇంక అబద్ధం చెప్పను."

"మీకు ఏమైనా అయితే?"

"అప్పుడు ఇద్దరి కోసం ఏడుద్దువు గాని. ఇప్పుడు తాడు పట్టుకో."

"ప్రార్థన చేస్తాను. మీకు ఇష్టం లేకపోయినా చేస్తాను."

"నేను వద్దన్నానేటి? గట్టిగా చెయ్యి."

జనార్దనరావు ర్యాంపు దిగి, ఛాతీ లోతులో ఒక్క క్షణం ఆగి, మునిగాడు. పెర్సిస్ నీళ్ళ అంచున మోకాళ్ళ మీద కూర్చుంది. తాడు ఆమె అరచేతుల్లోంచి, ఆమె వెనక మనోహర్ చేతుల్లోంచి జారుతూ పోయింది.

"మేడమ్, కనిపిస్తుందా?"

"ఏం కనిపించడం లేదు."

"తాడు పోతున్నది గదా, పోతున్నది."

"ఆగింది."

"ఆగిందా?"

"ఆగింది. ఆగి... అదిగో! అదిగో చూడండి, మొదటి బీము కింద. పచ్చగా, మసకగా. కనిపించిందా మీకు?"

"కనిపించింది! వెలుగుతున్నది మేడమ్, మీ సీసా వెలుగుతున్నది!"

"ఒకసారి లాగారు. బాగున్నానని. వదలండి, తాడు వదలండి, వెళ్తున్నారు."

"పోతున్నరు, పోతున్నరు. ఇప్పుడు రెండో బీము."

"రెండోది ఇక్కణ్ణించి కనిపించదు. మొదటిదే కనిపిస్తుంది."

"మళ్ళా ఆగింది."

"కడుతున్నారేమో."

"ఒకసారి లాగిండు. బాగున్నడు."

"ప్రభువా, నీ చెయ్యి చాపు. ప్రభువా..."

"మేడమ్, నీళ్ళు నా చెప్పుల మీదికి వచ్చినయి. ఇందాక ఇక్కడ లేవు."

"తెలుసు. మాట్లాడకండి, తాడు చూడండి."

"మూడోది. లాగిండు. నాలుగో బీముకు పోతున్నడు."

"ఆగింది."

"ఆగింది."

"ఎందుకంతసేపు ఆగింది? లాగడం లేదే. ఒకసారైనా లాగాలి కదా?"

"నాలుగోది కడుతున్నడేమో."

"కట్టడానికి ఇంతసేపు పట్టదు."

"హేమసుందర్‌ను వెతుకుతున్నడేమో."

"మనోహర్ గారూ, నాకు భయంగా ఉంది. స్టెంట్ వేసిన మనిషిని నేను పంపాను. నేనే ఫోన్ చేసి పిలిచి నేనే పంపాను."

"అట్ల అనకుండ్రి. పిలిచింది నేను. మొదలు పిలిచింది నేను."

"లాగుతున్నారు!"

"ఒకసారేనా?"

"కాదు, గబగబా! గబగబా లాగుతున్నారు! లాగండి! గట్టిగా లాగండి, ఆపొద్దు!"

"బరువున్నది మేడమ్!"

"బరువుంటే మంచిదే, లాగండి!"

"ఏయ్, ఫైర్ భయ్యా! ఇధర్ ఆవో, జల్దీ! రస్సీ పకడో!"

"ఆయన కూడా తాడు పట్టుకున్నారు, ఇంకా లాగండి. ఆగింది, బీముకి తగిలింది. వదలండి కొంచెం, మునగనివ్వండి. ఇప్పుడు లాగండి!"

"చెయ్యి! మేడమ్, చెయ్యి కనబడ్డది!"

"హేమా! హేమా! ఇటు, నా చెయ్యి పట్టుకో! మెడ ఎత్తండి ఆయనకి, మెడ ఎత్తండి! హేమా, ఊపిరి తీసుకో. దగ్గు, దగ్గు, పరవాలేదు."

"పెర్సీ..."

"ఉన్నా. ఇక్కడే ఉన్నా."

"పానా... పానా జారిపోయింది చేతిలోంచి. కొట్టడానికి ఇంకేం దొరకలేదు. ట్యాంకు మీదికెక్కాను. నీళ్ళు గడ్డం దాకా వచ్చేశాయి. ఇంక..."

"మాట్లాడకు. మీ నాన్నగారు ఏరి?"

"ఎవరు?"

"వెనకే వస్తున్నారా? ఎంత వెనక ఉన్నారు?"

"ఎవరు పెర్సీ? ఫైర్ ఆయనా?"

"ఫైర్ ఆయనేంటి?"

"లోపలికొచ్చాడే, ఆయన. ముందు నీళ్ళ కింద ఏదో వెలిగింది. ప్రాణం పోతోందేమో, అందుకే వెలుతురు కనిపిస్తోందనుకున్నా. ఎవరో నా కాలు పట్టుకున్నాడు. భయ్యా, కౌన్ హై, ఎవరది అన్నాను. పలకలేదు. రెండోసారి అడిగినా పలకలేదు. తన నడుము తాడు విప్పి నాకు కట్టాడు. నా తల మీద చెయ్యి పెట్టి నొక్కి, లైటు వైపు తిప్పాడు. అంతే."

"ఆయన తాడు నీకు కట్టారా?"

"నా నడుముకి ఉన్నది అదే కదా."

"అయ్యో. అయ్యో, తాడు లేకుండా..."

"ఏంటి? ఎవరాయన?"

"నేను ఫోన్ చేశాను హేమా. ఆయన హాస్పిటల్లోంచి లేచి వచ్చారు."

"నాన్నా?"

"ఆఁ."

"అబద్ధం. నాన్న అయితే మాట్లాడేవాడు కదా. నా కాలు పట్టుకుని కూడా మాట్లాడలేదా? ఎందుకు మాట్లాడలేదు?"

"మాట్లాడి ఉంటే ఆయన్ని అక్కడ వదిలి కదిలేవాడివా నువ్వు?"

"వదులు నన్ను. వదులు పెర్సీ, నేను వెళ్తాను."

"నిలబడలేకపోతున్నావు!"

"వెళ్తాను! గసపెడుతున్నాడు, ఆయన గుండె... నాకు వినిపించింది, ముసలి మనిషిలా గసపెడుతున్నాడని అనుకున్నాను. అనుకున్నాను పెర్సీ! నాన్నా! నాన్నా!"

"పట్టుకోండి మనోహర్ గారూ, పోనివ్వకండి!"

"హేమసుందర్ భాయ్, ఆగు! ఫైర్ పిలగాడు దిగుతున్నడు. నీ నడుము తాడు విప్పి ఆ పిలగానికి కడుతున్నం, ఆగు!"

"నాన్నా! నేను బయటికొచ్చాను! నాన్నా, రా!"

"ఆయన ఆ పచ్చడి సీసాల లైట్లు చూసుకుంటూ వస్తారు. నాలుగు కట్టారు. దారి ఉంది హేమా. దారి ఉంది."

"ఎంతసేపు? ఎంతసేపు తట్టుకుంటాయి అవి? నీళ్ళలో?"

"తట్టుకుంటాయి."

"పచ్చడి సీసాలు పెర్సీ! పచ్చడి సీసాలు!"

"తట్టుకుంటాయంటున్నానా!"

"మేడమ్..."

"ఏంటి?"

"మేడమ్, లైటు. మొదటి బీము కింద. లేదు మేడమ్. ఆరిపోయింది."

"ఆరిపోయింది పెర్సీ! చీకటైపోయింది. నాన్నకి కనిపించదు. దారి కనిపించదు ఇంక, ఎటు రావాలో..."

"ఆగు హేమా."

"ఎందుకాగాలి!"

"చూడు. సీసా చుట్టూ అంచున సన్నగా వెలుగు కనిపిస్తోంది చూడు. లైటు ఆరలేదు. దానికి ఇవతల మనిషి అడ్డొచ్చాడు, ఫైర్ ఆయన ఇంకా దిగనే లేదు. చేతులు చాపండి."